త్యాగం ఎవరి పక్షాన?

రాయ్‌పూర్ రజిస్ట్రీ ఆఫీసు వరండాలో నా వృత్తి జీవితమంతా విన్న మాటల్లో అన్నిటికంటే తియ్యనిది, అన్నిటికంటే ప్రమాదకరమైనది ఒకటే: హక్ త్యాగ్. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను మరో వాటాదారుకు వదిలేస్తూ రాసే పత్రానికి ఇక్కడి హిందీ పేరు అది. ఆంధ్రలో దాన్ని విడుదల దస్తావేజు అంటారు. విడుదల అనే మాట వింటే ఎవరూ చేతులు జోడించరు. జైలు నుంచి విడుదల ఉంటుంది, సినిమా విడుదల ఉంటుంది. త్యాగం అనేసరికి మాత్రం గదిలో అగరొత్తుల వాసన మొదలవుతుంది. సంతకం పెట్టబోయే ఆడమనిషి తల వంచుకుంటుంది. పక్కన నిలబడ్డ అన్నదమ్ములు ప్రసాదం కోసం వచ్చినట్టు చేతులు కట్టుకుంటారు.

నేను రాసిన ఇలాంటి పత్రాల్లో త్యాగమూర్తులు దాదాపు అందరూ ఆడవాళ్లే. మగవాళ్లకు ఆ సద్గుణం పుట్టుకతోనే లేదని నేను అనుకోను. వాళ్లను ఎవరూ అడగలేదు, అంతే.

ఈ వకీలు వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు సెక్షన్లు నాకంటే వేగంగా ఫోనులో వెతుక్కుంటారు. వాటి కోసం ఇది రాయడం లేదు. ఒక మాట మనిషి చేత సంతకం ఎలా పెట్టిస్తుందో ఫోనులో దొరకదు. అది చెప్పడానికి భన్‌పురిలోని ఒక ఇంటి సంగతి రాస్తాను. పార్వతి అనే మనిషి ఆ ఇంట్లో ఉండగలదా, మూటాముల్లె సర్దుకుని బయటికి పోవాలా అన్నదే అందులో ప్రశ్న. దానికి ముందు కొంత పాఠం తప్పదు.

ప్రతి ఇటుకలోనూ

ఉమ్మడి ఆస్తి గురించి జనానికి ఉన్న మూఢనమ్మకాలు దేవుడి గురించి ఉన్నవాటికేమీ తీసిపోవు. దేవుణ్ణయినా అప్పుడప్పుడు సందేహిస్తారు గాని వీటిని సందేహించరు.

మొదటిది, ముగ్గురు వాటాదారులుంటే ముగ్గురికీ తలొక గది అని అనుకోవడం. పంపకం జరిగేదాకా అలాంటిదేమీ లేదు. ప్రతి ఇటుకలోనూ, ప్రతి గడపలోనూ ముగ్గురికీ వాటా ఉంటుంది. శంకర్ నగర్‌లో ఇద్దరు అన్నదమ్ములు ఇంటి మధ్య సుద్దముక్కతో గీత గీసుకుని తూర్పు నీది, పడమర నాది అనుకున్నారు. గీత సరిగ్గా మరుగుదొడ్డి మధ్య నుంచి పోయింది. అయినా ఇద్దరూ సర్దుకున్నారు. తమ్ముడు తూర్పు సగం అమ్ముతానని కొలతలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆ కొలతలు మీ సుద్దముక్కకు తెలుసు, చట్టానికి తెలియవని చెప్పాను. అతను అమ్మగలిగింది మొత్తం ఇంట్లో సగం వాటాను. తూర్పు గదిని కాదు. పైగా కుటుంబం కాపురముండే ఇంట్లో వాటాను బయటివాడు కొంటే, నేరుగా వచ్చి వంటింట్లో పీట వేసుకునే హక్కు అతనికి రాదు. పంపకం దావా వేసి తన వాటా తేల్చుకోవాలి. ఇది విన్న కొనుగోలుదారు మళ్లీ కనపడలేదు.

రెండోది పన్ను రసీదు. నగర నిగమ్, అంటే మునిసిపల్ కార్పొరేషన్, రికార్డులో తన పేరు ఎక్కించుకున్న పెద్దకొడుకు ఆ రసీదును తాళపత్రంలా భద్రపరుస్తాడు. ఆ పేరు ఎందుకుందంటే పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో నిగమ్‌కు తెలియడానికి. దానితో ఎవరి హక్కూ పుట్టదు, ఎవరి హక్కూ చావదు.

మూడోది, ఇద్దరి పేర్ల మీద కొన్న ఇల్లు ఒకరు పోగానే రెండోవారికి దానంతటదే వచ్చేస్తుందన్న నమ్మకం. పత్రంలో అలా ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, పోయినవారి వాటా వాళ్ల వారసులకు పోతుంది. ఇద్దరి పేర్లు అన్నాను కాబట్టి ఒక నిజం ఒప్పుకోవాలి. ఈ నగరంలో స్త్రీల ఆస్తి హక్కుకు దేవుణ్ణి నమ్మని మా సంస్కరణ సభలకంటే జ్యోతిష్కులు ఎక్కువ సేవ చేశారు. భార్య రాశి బాగుందని పత్రంలో ఆమె పేరు ముందు రాయించిన ఒక పెద్దమనిషి, అమ్మే రోజున ఆమె సంతకం కూడా కావాలని తెలిసి నా ఎదుటే గ్రహాలన్నిటినీ పేరు పేరునా తిట్టాడు. జ్యోతిషం వల్ల జరిగిన మేలు నేను చూసింది అదొక్కటే.

ఇది హిందువుల జబ్బు అనుకునేరు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక క్రైస్తవ కుటుంబంలో పెద్దకొడుకు, ఆడపిల్లలకు వాటా ఇవ్వడం మన ఆచారం కాదన్నాడు. క్రైస్తవుల వారసత్వ చట్టంలో కొడుకూ కూతురూ సమానమేనని చెప్తే ఆశ్చర్యపోయాడు. మతం మారి మూడు తరాలైనా, ఆడపిల్ల వాటా దగ్గర మాత్రం ఆ కుటుంబం పాత మతంలోనే ఉండిపోయింది.

తివారీ సాబ్ గది

నేను పని నేర్చుకున్నది తివారీ సాబ్ దగ్గర. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడి, నేల ధరలతోపాటు తగాదాలూ పెరుగుతున్న రోజులు. ఆయన ప్రతి స్టాంపు కాగితానికీ కుంకుమ బొట్టు పెట్టేవారు. హద్దులు తప్పు రాస్తే బొట్టు కాపాడుతుందా అని నేను అడిగేదాన్ని. కాపాడదు బేటీ, కానీ కక్షిదారుకు ధైర్యం, నాకు ఫీజు అనేవారు. ఈ-స్టాంపులు వచ్చాక బొట్టు ప్రింటర్‌కు మారింది.

ఆయన చేసిన ఒక తప్పు నాకు మంచి పాఠం. ఒక ముసలాయన తన వాటాను అన్న కొడుక్కి ఇవ్వాలనుకున్నాడు. అన్న బతికే ఉన్నాడు. తివారీ సాబ్ అన్న కొడుకు పేరిట హక్ త్యాగ్ రాసేశారు. రజిస్ట్రీలో పత్రం వెనక్కి వచ్చింది. ఎందుకంటే ఆ ఆస్తిలో ఇప్పటికే వాటా ఉన్నవాళ్లకే విడుదల రాయగలం. ఏ వాటా లేనివాడికి ఇస్తే అది దానం. దాని పత్రం వేరు, సుంకం వేరు. తివారీ సాబ్ నవ్వి, ఆ మాట అంత తియ్యగా ఉంటుంది బేటీ, అర్థం చూసుకోకుండా రాసేశాను అన్నారు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న వకీలునే బురిడీ కొట్టించిన మాట, పండక్కి రైల్లో వచ్చిన ఆడపడుచును ఎందుకు వదుల్తుంది?

ఆయన బొట్టు నేను తీసుకోలేదు గాని ఆయన పద్ధతి ఒకటి చివరిదాకా పాటించాను. పత్రం రాసే ముందు, ఇచ్చే మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి ప్రతి మాటా వివరించాలి. పుచ్చుకునే మనిషి ఆ సమయంలో గది బయట ఉండాలి. తండ్రి అయినా, అన్న అయినా, భర్త అయినా సరే. ఈ పద్ధతి వల్ల నాకు పోయిన కేసులు చాలా ఉన్నాయి. పోయిన తీరు చూస్తే అవి పోవడమే మంచిదయింది.

భన్‌పురి ఇల్లు

అప్పలరాజు నా దగ్గరికి వచ్చింది ఒక వానాకాలం మధ్యాహ్నం. విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. తండ్రి ఫిట్టర్‌గా పనిచేసి, భన్‌పురిలో స్థలం కొని తన సంపాదనతో ఇల్లు కట్టాడు. భార్య ముందే పోయింది. వీలునామా రాయకుండా ఆయనా పోయాడు. ముగ్గురు పిల్లలు. పెద్దవాడు అప్పలరాజు, శంకర్ నగర్‌లో సొంత ఫ్లాటులో ఉంటాడు. రెండోది వరలక్ష్మి, బిలాస్‌పూర్‌లో కాపురం. చిన్నకొడుకు తండ్రికంటే ముందే జబ్బు చేసి చనిపోయాడు. అతని భార్యే పార్వతి. పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది ఆమె ఒక్కతే. అక్కడికి దగ్గర్లో లారీలు తూచే ధర్మకాంటాలో చీటీలు రాసే ఉద్యోగం.

ఆ చుట్టుపక్కల గోదాములు పెరిగాయి. ఒక ట్రాన్స్‌పోర్టు యజమాని ఆ ఇల్లు మొత్తం కొని పడగొట్టి గోదాము కట్టుకుంటానన్నాడు. మొత్తం అయితేనే కొంటాడు.

"ఏం లఫ్డా లేదు మేడమ్," అన్నాడు అప్పలరాజు, పన్ను రసీదు నా ముందు పెడుతూ. "పేరు నాదే ఉంది. మా చెల్లి తీజా పండక్కి ఒస్తాది. హక్ త్యాగ్ రాసేస్తాది. బస్. తెలుగువాళ్లని మీ దగ్గరికే ఒచ్చినాను."

మరి మీ తమ్ముడి భార్య వాటా సంగతేమిటని అడిగాను.

"దానికేటి వాటా? పిల్లా జెల్లా నేదు. ఇన్నాళ్లూ ఉండనిచ్చినాం, అదే గొప్ప. ఊళ్లో దాని అన్నదమ్ములున్నారు, ఎల్లిపోతాది."

కొడుకు ముందే పోతే అతని భార్య అతని స్థానంలో వారసురాలు అవుతుందని, కాబట్టి ఇంట్లో ముగ్గురికీ తలా మూడో వంతు అని చెప్పాను. పిల్లలు లేకపోవడం చట్టం దృష్టిలో నేరం కాదని కూడా చెప్పాను. ఆయన రసీదును మళ్లీ నా వైపు జరిపాడు. ఆయన దగ్గర ఉన్న వాదన అదొక్కటే.

పత్రం రాస్తాను, కానీ ముందు మీ చెల్లెలితో ఒంటరిగా మాట్లాడాలి, మీరు బయట కూర్చోవాలి అన్నాను. మాట్లాడుకోండి, మా చెల్లి నా మాట జవదాటదు అన్నాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"ఒక మాట అడుగుతాను మేడమ్, ఏటనుకోకండి. మీరు మీ పుట్టింట్లో వాటా తీసుకున్నారా?"

"తీసుకున్నానండీ."

"మరి మీ అన్నగారు మీతో మాటాడతారా?"

"మాట్లాడతాడు. ఇదివరకు నాకు సలహాలు చెప్పేవాడు. ఇప్పుడు నాతో పోట్లాడతాడు. నాకిదే బాగుంది."

తీజా చీర

తీజా మన తెలుగువాళ్ల పండగ కాదు. భాద్రపదంలో ఇక్కడి ఛత్తీస్‌గఢీ ఇళ్లల్లో అన్నదమ్ములు అత్తవారింటికి వెళ్లి అక్కచెల్లెళ్లను పుట్టింటికి తీసుకొస్తారు. ముందురోజు రాత్రి కాకరకాయ కూరతో అన్నం తింటారు. దాన్ని కరూ భాత్ అంటారు. మర్నాడు ఆడవాళ్లు భర్తల ఆయుష్షు కోసం పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా ఉపవాసం ఉంటారు. తర్వాత పుట్టింటివాళ్లు చీర పెడతారు. రెండు మూడు తరాలుగా ఇక్కడ ఉన్న మన రైల్వే కుటుంబాలు కొన్ని ఈ పండగను దత్తత తీసుకున్నాయి. ఈ నేల నుంచి నేర్చుకోవడానికి ఇంకా చాలా ఉన్నాయి. మనవాళ్లు మాత్రం ఏడాదికి ఒక చీరతో ఆడపిల్లను సరిపెట్టే పద్ధతిని ఏరుకున్నారు.

అప్పలరాజు ఇంట్లో ఇది ఎలా జరిగేదో తర్వాత వరలక్ష్మి నోటే విన్నాను. అన్న బిలాస్‌పూర్ వెళ్లి చెల్లెల్ని తీసుకొస్తాడు. తీసుకొచ్చి ఎక్కడ దింపుతాడు? శంకర్ నగర్ ఫ్లాటులో జాగా చాలదని భన్‌పురి ఇంట్లో. అక్కడ కాకరకాయ కూర వండేది పార్వతి. భర్త లేడు కాబట్టి ఆమెకు ఉపవాసం లేదు, చీరా లేదు. ఊళ్లో ఉన్న మొగుళ్లందరి ఆయుష్షు కోసం వంట చేయడానికి మాత్రం ఆమెకు పూర్తి అర్హత ఉంది. ఈ ఏర్పాటులో ఎవరికీ వింత కనపడలేదు. ఆచారం చేసే పని అదే. కళ్లెదుట ఉన్నదాన్ని కనపడకుండా చేస్తుంది.

ఆ ఏడు అప్పలరాజు జాగ్రత్త పడ్డాడు. ఉపవాసం విడిచిన రోజు సాయంత్రం ఫ్లాటులో ఒక బాబాను పిలిపించి ప్రవచనం పెట్టించాడు. అంశం త్యాగం. ఆస్తి మట్టి, అన్న ప్రేమ బంగారం అని బాబా సెలవిచ్చాడట. మట్టే అయితే దాన్ని అన్న నెత్తిన ఎందుకు పోయాలని అక్కడున్నవాళ్లెవరూ అడగలేదు. మందిర్ హసౌద్ దారిలో ఆశ్రమం స్థలం ఇద్దరి పేర్ల మీద ఉందని, అందులో అర అడుగు కూడా వదలనంటూ ఆ బాబా ఒకే గురువుకు శిష్యుడైన తన గురుభాయి మీద దావా నడుపుతున్నాడని కోర్టు వరండాలో టీ అమ్మేవాడితో సహా అందరికీ తెలుసు. మట్టి మీద ఆయన ప్రేమ సామాన్యమైంది కాదు.

తలుపు వేసి

మర్నాడు అన్నాచెల్లెళ్లిద్దరూ వచ్చారు. అప్పలరాజును బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపు వేశాను. వరలక్ష్మి కొత్త చీరలో ఉంది. మడతలు ఇంకా విడలేదు. ముందే సిద్ధమై వచ్చింది. నేను అడగకుండానే మొదలుపెట్టింది.

"నాకా ఇంట్లో వాటా ఒద్దు మేడమ్. మా ఆయనకి ఉద్యోగం ఉంది, బావున్నాం. కాని నాకు పుట్టిల్లు గావాల. వాటా అడిగితే ఈ గడప తొక్కనీనని అన్నయ్య అన్నాడు."

నేను చెప్పవలసింది చెప్పాను. మీరు వాటా ఉంచుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్ముకోవచ్చు. వదులుకోవచ్చు. ఎవరి పేరూ చెప్పకుండా వదిలేస్తే మిగిలిన ఇద్దరికీ చెరి సగం పోతుంది. అన్నగారి పేరు రాస్తే ఆయనకు మూడింట రెండు వంతులవుతుంది.

"అయితే ఏటవుతాది?"

ఇక్కడ కొత్త వకీళ్లు చెవులు నిక్కబొడుచుకుని వినాలి. పత్రంలో రాసింది చదివి వినిపిస్తే పని అయిపోదు. సంతకం తర్వాత ఏం జరుగుతుందో చెప్తేనే పని అయినట్టు. ఆ ఇల్లు చిన్నది, ముగ్గురికి కోసి పంచడానికి కుదరదు. అలాంటి ఇంటి మీద పంపకం దావా పడితే, సగమో అంతకు పైనో వాటా ఉన్నవాళ్లు కోరినప్పుడు కోర్టు ఇంటిని అమ్మించి డబ్బు పంచమనవచ్చు. మిగిలిన వాటాదారు తానే కొనుక్కుంటానని అడగవచ్చు గాని, గోదాము యజమానులు కన్నేసిన చోట మూడింట రెండు వంతుల ధర ఒక్కసారిగా తేవడం ధర్మకాంటా జీతంతో అయ్యే పని కాదు. అప్పలరాజుకు ఒక్కడికీ ఉన్నది మూడో వంతు. సగానికి చేరడు. చెల్లెలి మూడో వంతు కలిస్తే దాటేస్తాడు. పార్వతి ఉంటుందా పోతుందా అన్నది వరలక్ష్మి సంతకం మీద ఉంది. త్యాగం అని అందరూ మెచ్చుకుంటున్న పనికి ఫలితం అది.

ఆమె చీర అంచు మడత పెట్టి, విప్పింది.

"అన్నయ్య అలా సెప్పనేదు. పార్వతికి ఏదో ఒకటి సూస్తానన్నాడు."

"ఏం చూస్తారో పత్రంలో రాయమంటారా?"

నవ్వింది. అన్నను ఎరిగిన నవ్వు. తర్వాత అడిగింది: "హక్ త్యాగ్ అన్నకే రాయాలని ఉందా మేడమ్?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. లేదు, ఆ ఇంట్లో ఇప్పటికే వాటా ఉన్నవాళ్లలో ఎవరి పేరైనా రాయవచ్చన్నాను. తివారీ సాబ్ తప్పు సంగతీ చెప్పాను. వాటా లేనివాళ్లకు త్యాగం కుదరదు. పార్వతికి వాటా ఉంది. కుదురుతుంది. అన్నకు రాస్తే స్టాంపు సుంకంలో రాయితీ దొరుకుతుంది, తమ్ముడి భార్యకు రాస్తే అది దొరకకపోవచ్చని కూడా చెప్పాను. ఒకసారి రాశాక మనసు మారితే వెనక్కి తీసుకోవడం ఉండదని రెండుసార్లు చెప్పాను.

"నేను దిగేది ఎవరింట్లో మేడమ్, ప్రతి తీజాకీ? తలుపు తీసేది ఎవరు? అన్నయ్య రిక్షా కూడా దిగడు." కుర్చీ ముందుకు జరుపుకుంది. "పార్వతి పేరు రాయండి."

వెంటనే రాయలేదు. పార్వతిని పిలిపించుకుని మాట్లాడి, ఆలోచించుకుని రండి, ఈ మాట అన్నగారికి మీ నోటితోనే చెప్పండి అన్నాను. చాటుగా సంతకాలు చేయించే వకీలు ఎవరికీ వకీలు కాదు.

పక్ష్ మే

పార్వతి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. చేతుల మీద కార్బన్ కాగితం మరకలు. సంగతి విని సంతోషపడలేదు, కన్నీళ్లూ పెట్టుకోలేదు. ఆడపడుచు వైపు తిరిగి అడిగింది:

"వదినా, రేప్పొద్దున్న మీకు మనసు మారితే నానేటి సెయ్యాల? కాంటా దిగిపోయిన బండిని మళ్లీ ఎక్కించి తూకం మార్చమంటే నాను మార్చను. రాత్రికి బాగా ఆలోసించండి."

వరలక్ష్మి ఆలోచించింది. మర్నాడు నా గదిలోనే అన్నకు చెప్పింది. అప్పలరాజుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. త్యాగం చేస్తున్నానన్నంత వరకు తలూపాడు. పార్వతి పేరు వినగానే లేచి నిలబడ్డాడు.

"ఇది త్యాగం కాదు. వెన్నుపోటు."

"త్యాగమే అన్నయ్యా. నాకేటీ మిగలడం నేదు కదా. బాబా సెప్పిందీ అదే."

"బాబా సెప్పింది ఇంటి మనిషికి ఇమ్మని."

"పార్వతి ఇన్నేళ్లనుంచి ఆ ఇంట్లోనే ఉంది. నువ్వూ నేనూ బయట ఉన్నాం."

ఆయన నా మీద పడ్డాడు. ఆడవాళ్లంతా ఒక్కటయ్యారన్నాడు, నా పేరు బార్ సంఘంలో చెప్తానన్నాడు, దేవుణ్ణి నమ్మనివాళ్ల దగ్గరికి రావడమే తన బుద్ధి తక్కువన్నాడు. మూడింటిలో చివరిది మాత్రం నిజమై ఉండవచ్చు. మరో వకీలును పెట్టుకుని అభ్యంతరం చెప్పుకోమన్నాను. పెట్టుకున్నాడు. ఆ వకీలు సెక్షన్లన్నీ తిరగేసి, మీ చెల్లెలి వాటా మీ చెల్లెలిదే అని ఆయనకు చెప్పాడట. ఈ ఒక్క మాట వినడానికి ఆయన రెండు చోట్ల ఫీజు కట్టాడు.

రజిస్ట్రీ రోజున అధికారి పత్రం చూస్తూ, తలెత్తకుండానే, "హక్ త్యాగ్, బహన్ కీ తరఫ్ సే, భాయీ కే పక్ష్ మే?" అన్నాడు, చెల్లెలి తరఫున అన్న పేరిటేనా అని. పొద్దుటినుంచీ అలాంటివే చూస్తూ ఉండి ఉంటాడు, అలవాటుగా వచ్చిన మాట.

"భాయీ నహీ సాబ్," అంది వరలక్ష్మి. "భాభీ కే పక్ష్ మే."

అన్న కాదు, తమ్ముడి భార్య అనేసరికి అధికారి తలెత్తాడు. పత్రం మళ్లీ మొదటినుంచి చదివాడు. తప్పేమీ దొరకలేదు.

పక్షం అంటే హిందీ పత్రాల్లో 'పేరిట' అనే అర్థం. తెలుగులో 'వైపు' అని కూడా. మన వకీళ్లు ఆ మాటను రోజూ వందసార్లు రాస్తారు. త్యాగానికి ఒక వైపు ఉంటుందన్నది మాత్రం గమనించరు. వదులుకునే మనిషిని పొగిడే లోకం, అది ఎవరి ఒళ్లో పడుతోందో చూడనివ్వదు. మీ ముందుకు ఎవరైనా త్యాగం మాట తెస్తే, మెచ్చుకోవడానికి ముందు ఆ ఒక్కటీ అడగండి.

మిగిలిన మూడో వంతు

గోదాము యజమాని తప్పుకున్నాడు. మూడో వంతు ఇల్లు కొని, పంపకం దావా వేసి, ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కే ఓపిక అతనికి లేదు. అప్పలరాజు కొన్నాళ్లు ఆదివారాలు భన్‌పురి వెళ్లి ముందుగదిలో కూర్చునేవాడు. వాటాదారుకు ఆ హక్కు ఉంది, ఎవరూ కాదనలేరు. పార్వతి టీ పెట్టి ఇచ్చి తన పని తాను చూసుకునేదట. ఆ టీ ఎన్నాళ్లు తాగుతాడు? ఒకరోజు మళ్లీ నా గదికి వచ్చాడు. తన మూడో వంతు ఏం చేయాలని అడిగాడు. ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, వదులుకోవచ్చునని ఆయన చెల్లెలికి చెప్పినట్టే చెప్పాను. చివరి మాటకు ముఖం చిట్లించి, నాకేం ఖర్మ అన్నాడు. ఆస్తి మట్టి అన్న ప్రవచనం ఆయన ఇంట్లోనే జరిగింది గాని, అది శ్రోతల కోసం.

చివరికి పార్వతికే అమ్మాడు. ఆమె బ్యాంకు అప్పు తీసుకుంది. ఆ అప్పుకు ఆడపడుచు హామీదారుగా నిలబడింది. రజిస్ట్రీలో అధికారి నియమం ప్రకారం అప్పలరాజును అడిగాడు, ఎవరి ఒత్తిడీ లేకుండా సొంత ఇష్టంతోనే రాస్తున్నారా అని.

ఆయన నా వైపు తిరిగాడు. "ఇదేటి మేడమ్? నన్నెందుకడుగుతాడు? నన్నెవరు బలవంతం సేస్తారు?"

"అందర్నీ అడుగుతారండీ."

"మా చెల్లినీ అడిగినారా?"

"అడిగారు. ఆవిడ వెంటనే చెప్పింది."

అప్పలరాజు కొంచెం ఆలస్యంగా చెప్పాడు.

సంతకాలు, ఫోటోలు అయ్యాక పార్వతి వరండాలోకి వచ్చి వాచీ చూసుకుంది. కాంటా దగ్గర బళ్లు లైన్లో ఉంటాయంది. కొబ్బరికాయ కొట్టాలని ఎవరో అంటే తర్వాత చూద్దామంది. మెట్లు దిగబోతూ వెనక్కి వచ్చి నన్ను ఒకటే అడిగింది.

"ఇంక ఆ ఇంటికి ఎవరెవరి సంతకాలు గావాల మేడమ్?"

"మీదొక్కటే."

సరేనని తలూపి, భన్‌పురి పోయే ఆటో ఎక్కింది.